ఈస్ట్రోజెన్ గ్రాహకాలపై బూజు విషాలు, కలుపు మందుల ప్రభావం

కిందటి పాఠంలో పశువుల ఎద చక్రాన్ని, దాన్ని నడిపే హార్మోన్లను చదివారు. అండాశయం ఈస్ట్రోజెన్‌ను విడుదల చేస్తుందనీ, ఆ సంకేతాన్ని అందుకున్న కణాలే స్పందిస్తాయనీ అక్కడ చెప్పుకున్నాం. ఇప్పుడు వేరే ప్రశ్న వేసుకుందాం. అండాశయం పంపని సంకేతం మేత ద్వారానో నీటి ద్వారానో శరీరంలోకి వస్తే ఏమవుతుంది? కణం దాన్ని గుర్తుపట్టగలదా, మోసపోతుందా?

ఇది పరీక్షల కోసం మాత్రమే చదివే విషయం కాదు. కార్వేటినగరం, వెదురుకుప్పం, పెనుమూరు మండలాల్లో చాలా ఇళ్లకు వారం ఖర్చు గడిచేది పాల డబ్బుతోనే. వాన మీద ఆధారపడిన వేరుశనగ ఏ ఏడాది చేతికొస్తుందో, ఏ ఏడాది రాదో చెప్పలేం. ఆవు మాత్రం పూటపూటకూ పాలిస్తుంది, అదీ సకాలంలో ఈనితేనే. మూడుసార్లు ఎదకు వచ్చి, మూడుసార్లూ సూది వేయించినా చూడి కట్టని ఆవును పశువైద్యులు తిరిగి పొర్లే పశువు అంటారు. ఒక్కో ఎద తప్పితే 21 రోజులు పోతాయి. మూడు తప్పితే రెండు నెలలకు పైగా మేత ఖర్చు తప్ప రాబడి ఉండదు. ఆ తరువాత ఆ ఆవు సంతకు చేరడం మనందరం చూస్తున్నదే. ఇలాంటప్పుడు రైతులు ‘మేతలో ఏదో ఉంది’, ‘కలుపు మందుల వల్లే ఇదంతా’ అంటుంటారు. ఈ మాటల్లో ఎంత నిజముందో తేల్చుకోవాలంటే ముందు గ్రాహకం ఎలా పనిచేస్తుందో తెలియాలి.

గ్రాహకం పనిచేసే తీరు

1950ల వరకు ఈస్ట్రోజెన్ ఒక ఎంజైమ్ చర్యలో పాల్గొని తానే రసాయన మార్పు చెందుతుందని, దాని పని అలాగే జరుగుతుందని చాలామంది భావించేవారు. చికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక హైడ్రోజన్‌తో గుర్తుపెట్టిన ఈస్ట్రడయోల్‌ను ఎలుకలకిచ్చి, అది ఎక్కడికి చేరుతుందో వెతికాడు. రక్తంలో తిరిగిన ఈస్ట్రడయోల్ గర్భాశయం, యోని కణజాలాల్లో మాత్రం నిలిచిపోయింది, అదీ ఏ మార్పూ చెందకుండా. అంటే ఆ కణాల్లో దాన్ని పట్టి ఉంచేదేదో ఉంది. 1958లో ఆయన ఈ ఫలితాలను వెల్లడించాడు. అలా పట్టి ఉంచే ప్రోటీన్‌నే ఈస్ట్రోజెన్ గ్రాహకం అంటున్నాం. 1996లో స్వీడన్‌లో యాన్-ఓకె గుస్టాఫ్సన్ బృందం ఎలుక ప్రోస్టేట్ గ్రంథి నుంచి రెండో రకం గ్రాహకాన్ని కనుగొంది. అప్పటినుంచి పాతదాన్ని ఆల్ఫా అనీ, కొత్తదాన్ని బీటా అనీ పిలుస్తున్నారు. గర్భాశయంలో, పొదుగులో ప్రధానంగా ఆల్ఫా ఉంటుంది. అండాశయ పుటికల్లో బీటా ఎక్కువ.

ఇన్సులిన్ వంటి ప్రోటీన్ హార్మోన్లు కణ త్వచం దాటలేవు, బయటి తలుపు తట్టి కబురు చెబుతాయి. ఈస్ట్రడయోల్ చిన్నది, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి త్వచాన్ని దాటి నేరుగా లోపలికి వెళుతుంది. అక్కడ గ్రాహకంలో దాని కొలతకు సరిపోయే ఒక గుంట ఉంటుంది. ఈస్ట్రడయోల్ ఆ గుంటలో కూర్చోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. దానిలోని పన్నెండో హెలిక్స్ భాగం డబ్బా మూతలాగా గుంటపై మడతపడుతుంది. మూత పడ్డాక ఏర్పడిన కొత్త ఉపరితలానికి సహాయక ప్రోటీన్లు అతుక్కుంటాయి. అలాంటి రెండు గ్రాహకాలు జంటకట్టి డి.ఎన్.ఎ. మీద తమకు కేటాయించిన వరుసను పట్టుకుంటాయి. అక్కడి జన్యువులు పనిలోకి దిగుతాయి. గర్భాశయం గోడ మందమవుతుంది, యోనిలో స్రావం పెరుగుతుంది, పొదుగు నాళాలు పెరుగుతాయి.

ఈ వర్ణనలో రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, గ్రాహకానికి పేరు తెలియదు, ఆకారమే తెలుసు. గుంటలో ఒక పక్క ఫీనాల్ వలయాన్ని, దానికి కాస్త దూరంలో రెండో పక్క ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని పట్టుకునే ఏర్పాటు ఉంది. ఈ రెండూ సరైన దూరంలో ఉన్న ఏ అణువైనా అందులో కూర్చోగలదు, అది అండాశయం నుంచి వచ్చినా, మొక్క నుంచి వచ్చినా, బూజు నుంచి వచ్చినా. రెండోది, మూత ఎలా పడిందన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టమాక్సిఫెన్ అదే గుంటలో కూర్చుంటుంది, కానీ దాని పొడవాటి తోక మూతను పక్కకు నెట్టేస్తుంది. రొమ్ము కణాల్లో కబురు ఆగిపోతుంది. గుంటలో చేరినంత మాత్రాన సంకేతం వెళ్లినట్లు కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా తాళం, తాళంచెవి పోలికతో ఆగిపోతాయి. ఆ పోలిక సగం వరకే పనికొస్తుందని నా అభిప్రాయం. తాళానికి తెరుచుకోవడం, తెరుచుకోకపోవడం మాత్రమే తెలుసు. గ్రాహకం విషయంలో ఎంత గట్టిగా, ఎంతసేపు, ఏ కణజాలంలో అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. మనం చూడబోయే పదార్థాల తేడాలన్నీ ఇక్కడే ఉన్నాయి.

గొర్రెల నుంచి నేర్చుకున్నది

1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో సబ్‌టెరేనియన్ క్లోవర్ అనే పప్పుజాతి పచ్చిమేతను విస్తారంగా పెంచారు. గొర్రెలు బాగా బలిశాయి. కానీ ఏటికేడాది గొర్రెపిల్లల సంఖ్య పడిపోయింది. కొన్నిటికి గర్భాశయం బయటికి జారింది. పొట్టేళ్లతో కలవని ఆడగొర్రెల పొదుగులో పాలు దిగాయి. 1946లో బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ ఈ రోగాన్ని వర్ణించారు. ఆ మేతలోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థం గొర్రె మొదటి పొట్టలో సూక్ష్మజీవుల చేతిలో ఈక్వాల్‌గా మారుతుందనీ, ఈక్వాల్ ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని పట్టుకుంటుందనీ తరువాత తేలింది. పచ్చిక తిన్న పశువు కడుపులోనే హార్మోన్‌లాంటి పదార్థం తయారవుతుందన్నమాట. ఒక పదార్థం విషమా కాదా అన్నది దాన్ని తిన్న జంతువు జీర్ణవ్యవస్థ మీద కూడా ఆధారపడుతుందన్న పాఠం మనకిక్కడే దొరికింది. బూజు విషానికి వచ్చాక ఇది మళ్లీ అవసరపడుతుంది.

జియరలినోన్: బూజు తయారుచేసే ఈస్ట్రోజెన్

అమెరికాలో మొక్కజొన్న ఎక్కువగా పండే ప్రాంతంలో బూజుపట్టిన గింజలు తిన్న పందుల్లో జననాంగాలు వాచిపోవడాన్ని 1928లోనే పశువైద్యులు నమోదు చేశారు. ఇంకా ఎదకు రాని చిన్న ఆడపందుల్లో కూడా ఎదకు వచ్చినట్లు ఎర్రటి వాపు కనిపించింది. కొన్నిటికి యోని, మలద్వారం బయటికి జారాయి. కారణమైన పదార్థాన్ని 1962లో వేరుచేశారు. దాని నిర్మాణం 1966లో తెలిసింది. ఫ్యుజేరియం గ్రామినేరమ్, దాని దగ్గరి బంధువులైన కొన్ని బూజులు దీన్ని తయారుచేస్తాయి. ఆ బూజుకు లైంగిక దశలో ఉన్న పాత పేరు జిబ్బరెల్లా జియే. జియరలినోన్ అన్న పేరు అందులోంచి వచ్చిందే.

నిర్మాణం కాగితం మీద గీస్తే జియరలినోన్‌కు, ఈస్ట్రడయోల్‌కు పోలిక కనబడదు. ఈస్ట్రడయోల్ నాలుగు వలయాల స్టెరాయిడ్. జియరలినోన్‌లో ఒక ఫీనాల్ వలయానికి అతుక్కుని పెద్ద లాక్టోన్ వలయం ఒకటి ఉంటుంది. ఆ పెద్ద వలయం వంగగలదు. వంగినప్పుడు ఫీనాల్ ఒక కొసన, ఆక్సిజన్ ఉన్న సమూహం మరో కొసన ఇంచుమించు ఈస్ట్రడయోల్‌లో ఉన్నంత దూరంలోకి వస్తాయి. గ్రాహకం గుంటకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. మూత కూడా సరిగ్గా పడుతుంది, కాబట్టి సంకేతం వెళుతుంది. ఈస్ట్రడయోల్ కంటే పట్టు బలహీనమే. అయితే అండాశయం ఈస్ట్రడయోల్‌ను లెక్కపెట్టి, వేళకు విడుదల చేస్తుంది. మేతలోని విషానికి ఆ లెక్కా లేదు, వేళా లేదు.

ఆ వేళ తప్పడమే అసలు నష్టం. ఎద చక్రంలో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉన్నంతకాలం అది మెదడును అదుపులో ఉంచుతుంది. పుటిక పక్వమై ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు అదే హార్మోన్ మెదడును ఉసిగొల్పుతుంది. పీయూష గ్రంథి నుంచి ఎల్.హెచ్. ఉప్పెనలా వస్తుంది, అండం విడుదలవుతుంది. బయటి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ సంకేతం ఈ తక్కువ-ఎక్కువల తేడాను చెరిపేస్తుంది. బయటికి ఎద లక్షణాలు కనిపిస్తాయి, లోపల అండం విడుదల కాదు. రైతు సూది వేయిస్తాడు, ఫలితం ఉండదు. పందుల్లో మరో వింత ఉంది. ఈస్ట్రోజెన్ సంకేతం వల్ల అండాశయంలోని కార్పస్ ల్యూటియం కరగకుండా నిలిచిపోతుంది. పంది చూడి కట్టినట్లు శరీరం భావిస్తుంది, నెలల తరబడి ఎదకు రాదు. ఆవుల్లో ఇలా జరగదు. అందుకే పందుల పుస్తకం చదివి ఆవులకు అన్వయించకూడదు.

జాతికీ జాతికీ ఈ తేడా ఎందుకు? గొర్రెల దగ్గర నేర్చుకున్న పాఠం ఇప్పుడు వాడుకోవాలి. శరీరంలోకి వెళ్లిన జియరలినోన్ కాలేయంలో, పేగుల్లో ఆల్ఫా-జియరలినాల్, బీటా-జియరలినాల్ అనే రెండు రూపాల్లోకి మారుతుంది. పేరులో చిన్న తేడా, పనిలో చాలా పెద్ద తేడా. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం జియరలినోన్ ఈస్ట్రోజెన్ శక్తిని 1 అనుకుంటే ఆల్ఫా రూపం శక్తి 60, బీటా రూపం శక్తి 0.2. పంది కాలేయం ప్రధానంగా ఆల్ఫా రూపాన్ని తయారుచేస్తుంది, అంటే విషాన్ని మరింత బలపరుస్తుంది. ఆవు కాలేయం ప్రధానంగా బీటా రూపాన్ని చేస్తుంది, అంటే బలహీనపరుస్తుంది. కోళ్లు చాలా ఎక్కువ మోతాదును తట్టుకుంటాయి. చిత్తూరు వైపు మొక్కజొన్న దాణాతో పెంచే కోళ్లలో గుడ్లు తగ్గితే జియరలినోన్‌ను అనుమానితుల జాబితాలో చివర పెట్టాలి. పెయ్యల విషయం కాస్త వేరు. ఇంకా ఎదకు రాని పెయ్యల్లో సొంత ఈస్ట్రోజెన్ చాలా తక్కువ కనుక బయటినుంచి వచ్చిన కొద్దిపాటి సంకేతమే బయటపడుతుంది. ఆరేడు నెలల పెయ్యకు పొదుగు ఉబ్బి, చన్నులు పెరిగితే పాడి రైతు వెంటనే మేత వైపు చూడాలి.

మేలూ కీడూ ఒకే అణువులో ఉంటాయనడానికి ఒక పక్కమాట. జియరలినోన్ నుంచి తయారుచేసిన జెరనాల్‌ను అమెరికాలో మాంసపు పశువులు త్వరగా బరువెక్కడానికి చెవి చర్మం కింద బిళ్లగా అమరుస్తారు. ఐరోపా దేశాల్లో దీన్ని నిషేధించారు. ఒక ఖండంలో ఎదుగుదల మందు, మరో ఖండంలో నిషిద్ధ పదార్థం. శాస్త్రం ఒకటే అయినా, ఎంత ప్రమాదాన్ని అంగీకరించాలన్నది సమాజం తీసుకునే నిర్ణయం.

ఎంత తింటే నష్టం? ఒక లెక్క

విద్యార్థులు చాలామంది ‘విషం ఉంది’ అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఎంత ఉంది అని అడగాలి. 1986లో అమెరికాలో వీవర్, ఆయన సహచరులు ఈనని పాడి పెయ్యలకు రోజుకు 250 మి.గ్రా. శుద్ధ జియరలినోన్‌ను మూడు ఎద చక్రాల పాటు ఇచ్చి చూశారు. విషం తీసుకున్న పెయ్యల్లో 62 శాతం, తీసుకోని వాటిలో 87 శాతం చూడి కట్టాయి. తక్కువ పశువులతో చేసిన ప్రయోగమే అయినా తరచుగా ఉదహరించేది ఇదే. అదే బృందం పాడి ఆవులకు 500 మి.గ్రా. ఇచ్చినప్పుడు ఎద చక్రంలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. 250 కిలోల బరువున్న పెయ్య రోజుకు సుమారు 6 కిలోల పొడి మేత తింటుందనుకుందాం. పాడి పశువుల మేతకు ఐరోపా సంఘం 2006లో సూచించిన మార్గదర్శక పరిమితి కిలోకు 0.5 మి.గ్రా. ఆ పరిమితి దగ్గర ఉన్న మేత తింటే రోజుకు 3 మి.గ్రా. జియరలినోన్ లోపలికి వెళుతుంది. ప్రయోగంలో ఇచ్చింది 250. అంత చేరాలంటే తిన్న మేత అంతటిలో కిలోకు దాదాపు 42 మి.గ్రా. విషం ఉండాలి. అక్కడక్కడా తెల్లబూజు కనిపించే సాధారణ మేతలో ఇంత ఉండటం చాలా అరుదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై లెక్క ప్రకారం ఊళ్లో తిరిగి పొర్లే ఆవులన్నిటికీ బూజు మేతే కారణం అనవచ్చా? అనకూడదు. సూది వేసే వేళ తప్పడం, ఎదను సరిగ్గా గమనించకపోవడం, కరువు మేతలో భాస్వరం, రాగి వంటి ఖనిజాల లోపం, గర్భాశయంలో చీము, శక్తి చాలని దాణా ఇవన్నీ ముందు పరిశీలించాల్సినవి. సంకర జాతి జెర్సీ ఆవుకు వేసవి వడదెబ్బ ఒక్కటే ఎద లక్షణాలను మరుగుపరచగలదు. బూజు విషం జాబితాలో ఉంది, కానీ జాబితా అంతా అదే కాదు.

అయితే ఆ లెక్కను చూసి నిశ్చింతగా ఉండమని కూడా అనను. ప్రయోగశాలలో శుద్ధమైన ఒకే విషాన్ని ఇస్తారు. బూజుపట్టిన మేతలో రెండు మూడు విషాలు కలిసి ఉంటాయి. ఫ్యుజేరియం తయారుచేసే డియాక్సినివలినోల్ పశువుకు ఆకలి తగ్గిస్తుంది. ఆకలి తగ్గిన ఆవు మామూలుగానే ఎదకు రాదు. బూజు సమానంగా కూడా వ్యాపించదు. బస్తాలో ఒక మూల కిలోకు పదుల మిల్లీగ్రాములుండి, మరో మూల ఏమీ లేకపోవచ్చు. ఒక పిడికెడు గింజలు తీసి పరీక్షకు పంపి ‘ఏమీ లేదు’ అనిపించుకోవడం వల్ల ఉపయోగం లేదు. పది పదిహేను చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి, బాగా కలిపి, అందులోంచి నమూనా తీయాలి. పరీక్ష యంత్రం ఎంత ఖరీదైనదైనా నమూనా తప్పయితే ఫలితమూ తప్పే.

మన ప్రాంతంలో ఏ బూజు, ఎప్పుడు

అన్ని బూజులూ ఒకేలా బతకవు. వేరుశనగలో మనకు బాగా తెలిసిన శత్రువు ఆస్పర్జిల్లస్ ఫ్లావస్. దానికి వేడి కావాలి, కాయ ఊరే సమయంలో బెట్ట కావాలి. రాయలసీమలో ఆ రెండింటికీ కొదవ లేదు. అది తయారుచేసే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకి అఫ్లటాక్సిన్ ఎం1 రూపంలో దిగుతుంది, అందుకే పాలలో దానికి లీటరుకు 0.5 మైక్రోగ్రాముల పరిమితి ఉంది. కానీ అది ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని పట్టుకునే పదార్థం కాదు. జియరలినోన్ అందుకు తారుమారు. గ్రాహకాన్ని పట్టుకుంటుంది, పాలలోకి మాత్రం చాలా కొద్దిగానే దిగుతుంది. బూజుపట్టిన వేరుశనగ చెక్కను, బూజుపట్టిన మొక్కజొన్నను ‘బూజు మేత’ అని ఒకే గాటన కట్టడం వల్ల చాలా చర్చలు దారి తప్పుతున్నాయి.

ఫ్యుజేరియంకు చల్లదనం, తడి కావాలి. జియరలినోన్ ఎక్కువగా తయారయ్యేది పంట బాగా తడిసి, ఆ తరువాత వాతావరణం చల్లబడినప్పుడు. పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మిట్ట ప్రాంతాలు, అంటే పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు, ఎత్తులో ఉండి కార్వేటినగరం కంటే చల్లగా ఉంటాయి. తూర్పు మండలాల్లో వేడి ఎక్కువ. కాబట్టి మామూలు సంవత్సరాల్లో కార్వేటినగరం రైతు జియరలినోన్ కంటే అఫ్లటాక్సిన్ గురించే ఎక్కువ ఆలోచించాలి. కానీ ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనల్ని తడుపుతాయి. 2015 నవంబరు, 2021 నవంబరు నెలల్లో చిత్తూరు, తిరుపతి వైపు కురిసిన కుండపోత వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అలాంటి ఏడాది కల్లంలో తడిసిన గింజ, వామి వేసేలోపు తడిసిన గడ్డి డిసెంబరు, జనవరి చలిలో నిల్వ ఉంటాయి. ఫ్యుజేరియంకు అంతకంటే అనుకూలమైన పరిస్థితి మన దగ్గర ఉండదు.

ఇటీవల వచ్చిన మార్పు మరొకటి ఉంది. ఒకప్పుడు ఆవు తినే మొక్కజొన్న దాణాలో కొంత భాగమే. ఇప్పుడు మొక్కజొన్న చొప్పను కంకితో సహా ముక్కలు చేసి పాతర వేసిన సైలేజ్ మూటలు బయటి ఊళ్ల నుంచి కూడా వస్తున్నాయి. సైలేజ్ మంచి మేతే. గాలి చొరబడకుండా తొక్కి మూస్తే అందులో పుట్టే ఆమ్లం బూజును పెరగనివ్వదు. కానీ చేనులోనే కంకి మీద తయారైన జియరలినోన్ పాతరలో పోదు. మూట చిరిగి గాలి చేరితే పైపొరలో కొత్త బూజులు కూడా చేరతాయి. వాసన చూసి, రంగు చూసి మేత మంచిదనుకునే అలవాటు ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే బూజు కనబడటం వేరు, విషం ఉండటం వేరు. బూజు చచ్చిపోయాక కూడా విషం మిగిలి ఉంటుంది. ఉడకబెడితే పోతుందన్న నమ్మకమూ తప్పే. మామూలు వంట వేడికి జియరలినోన్ చెక్కుచెదరదు.

అంగట్లో అమ్మే బంకమట్టి పొడుల గురించి ఒక మాట. బెంటొనైట్ వంటి మట్టి అఫ్లటాక్సిన్‌ను బాగా పట్టుకుంటుంది, జియరలినోన్‌ను అంతగా పట్టుకోదు. ‘అన్ని బూజు విషాలకూ ఒకే మందు’ అని సంచి మీద ఉంటే కొనేముందు ఏ విషానికి పరీక్షించారో అడగండి. జియరలినోన్ విషయంలో ఎక్కువ ఆశ కలిగిస్తున్నవి ఎంజైమ్‌లు. క్లోనోస్టాకిస్ రోజియా అనే మరో బూజులో ఒక లాక్టోనేజ్ ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో వెల్లడించారు. అది జియరలినోన్ పెద్ద వలయాన్ని కత్తిరిస్తుంది. వలయం తెగాక అణువు ఆ వంపు నిలుపుకోలేదు, గ్రాహకం గుంటలో కూర్చోలేదు. గ్రాహకం ఆకారాన్నే గుర్తుపడుతుందని మొదట చెప్పుకున్నదానికి ఇంతకంటే మంచి రుజువు నాకు తెలియదు.

కలుపు మందులు: వేరే దారి

కలుపు మందులన్నీ బూజు విషంలాగే గ్రాహకాన్ని పట్టుకుంటాయని అనుకుంటే పొరపాటు. మన వైపు చెరకు, మొక్కజొన్న చేలల్లో విత్తిన వెంటనే చల్లే అట్రజిన్‌ను తీసుకుందాం. దాని అణువు ఈస్ట్రోజెన్ గ్రాహకంలో సరిగ్గా కూర్చోదు. మరి ఈస్ట్రోజెన్ మాట ఎందుకు వచ్చింది?

మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చే ఎంజైమ్ పేరు ఆరోమటేజ్. మగ జంతువుల్లో కూడా అది కొద్దిగా ఉంటుంది. మానవ అడ్రినల్ కణాల వర్ధనాల్లో అట్రజిన్ ఈ ఎంజైమ్ చురుకుదనాన్ని పెంచుతుందని 2000 సంవత్సరంలో శాండర్సన్ బృందం చూపింది. కణంలో సైక్లిక్ ఎ.ఎం.పి.ని విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌ను అట్రజిన్ అడ్డుకోవడం ఇందుకు ఒక కారణమని తరువాత తేలింది. అంటే జియరలినోన్ దొంగ తాళంచెవి అయితే, అట్రజిన్ ఇంట్లోనే అసలు తాళంచెవులు ఎక్కువగా చేయించే మనిషి. గ్రాహకానికి చేరేది అసలైన ఈస్ట్రోజెనే, కానీ ఉండాల్సినదానికంటే ఎక్కువ.

దీనిపై ప్రపంచమంతా మాట్లాడుకున్నది కప్పల వల్ల. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో టైరోన్ హేస్ 2002లో ఆఫ్రికా కప్ప జాతి తోకకప్పలను అట్రజిన్ ఉన్న నీటిలో పెంచాడు. 0.1 పి.పి.బి. నుంచే కొన్ని మగకప్పల్లో వృషణాలతోపాటు అండాశయ కణజాలం కనిపించిందని రాశాడు. 2010లో ఆయన బృందం ఇంకో అడుగు వేసింది. జన్యుపరంగా మగవైన కప్పలనే ఎంచుకుని 2.5 పి.పి.బి. నీటిలో పెంచితే 10 శాతం పూర్తి ఆడకప్పలుగా మారి, మగకప్పలతో జతకట్టి గుడ్లు పెట్టాయి. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలన్నీ మగవే. ఎందుకో ఆలోచించండి. ఈ కప్పల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోసోమ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. తల్లిగా మారినది జన్యుపరంగా మగదే కనుక దాని దగ్గర డబ్ల్యూ లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ జెడ్‌లే ఇచ్చారు.

ఈ ఫలితాలను అందరూ ఒప్పుకోలేదు. తయారీదారు నిధులతో జరిగిన పెద్ద ప్రయోగాన్ని 2009లో ప్రచురించారు. అందులో 100 పి.పి.బి. వరకు ఇచ్చినా వృషణాల ఎదుగుదలలో మార్పు లేదన్నారు. ఈ వివాదంలో విద్యార్థిగా మీరు ఏ పక్షం చేరాలన్నది ముఖ్యం కాదు. ఎవరు డబ్బిచ్చారు, ఏ కప్ప వంశాన్ని వాడారు, నియంత్రణ తొట్టిలో నీరు శుభ్రమేనా అని రెండు పక్షాలనూ ఒకే కొలతతో అడగడం ముఖ్యం. ఎలుకల్లో మాత్రం ఎక్కువ మోతాదు అట్రజిన్ ఎల్.హెచ్. ఉప్పెనను అణచివేస్తుందన్నదానిపై పెద్దగా వివాదం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ తన పరిమితులకు ఆధారంగా తీసుకున్నది ఆ ఫలితాన్నే.

పరిమితులు చూస్తే అభిప్రాయభేదం ఎంత లోతైనదో తెలుస్తుంది. తాగే నీటిలో అట్రజిన్‌కు ఐరోపా పరిమితి లీటరుకు 0.1 మైక్రోగ్రాము, భారత ప్రమాణం 2, అమెరికా పరిమితి 3, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం 100. ఒకే పదార్థానికి వెయ్యి రెట్ల తేడా! ఐరోపా అంకె విష పరీక్షల నుంచి వచ్చినది కాదు, నీటిలో ఏ పురుగుమందూ ఉండకూడదన్న విధానం నుంచి వచ్చింది. ఐరోపాలో అట్రజిన్ అనుమతి 2003లో తీసుకున్న నిర్ణయంతో పోయింది. ప్రధాన కారణం అది భూగర్భజలాల్లో కనిపించడమే. మన కేంద్ర ప్రభుత్వం 2020 మేలో నిషేధం కోసం ప్రకటించిన 27 మందుల ముసాయిదాలో అట్రజిన్, 2,4-డి, బ్యుటాక్లోర్, పెండిమెథాలిన్ కూడా ఉన్నాయి. ముసాయిదాలో ఉన్నంతమాత్రాన నిషేధం అయినట్లు కాదు.

గ్లైఫోసేట్ గురించి కూడా అడుగుతుంటారు. రొమ్ము క్యాన్సర్ కణాల వర్ధనంలో అది ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని చురుకుపరిచిందని 2013లో ఒక పరిశోధన చెప్పింది. తరువాతి పనిలో ఆ ప్రభావం చాలా ఎక్కువ గాఢతల వద్దే, అదీ గుంటలో కూర్చోకుండానే వచ్చిందని తేలింది. ఇతర కారణాలకు దాన్ని అదుపులో పెట్టడం వేరు, ఈస్ట్రోజెన్ జాబితాలో చేర్చడం వేరు. నేనైతే ఇప్పుడున్న ఆధారంతో చేర్చను.

పాడి ఆవు దగ్గరికి తిరిగి వస్తే, అట్రజిన్ చల్లిన చేను గట్టున మేసిన ఆవు అందువల్లనే చూడి కట్టలేదని చెప్పగల గట్టి ఆధారం లేదు. చల్లిన పొలంలో గడ్డి కోసి వేయకూడదన్న జాగ్రత్త అవసరమే. అయితే ఈ మందు విషయంలో మొదట దెబ్బతినేది కప్పలూ చేపలే. వానకు కొట్టుకొచ్చిన మందు చేరేది చెరువుల్లోకి, కుంటల్లోకి. ఆ నీటిలో ఉండే జీవికి చర్మం, మొప్పలు అన్నీ తెరిచిన తలుపులే. మగచేప రక్తంలో వైటెల్లోజెనిన్ ఉందా అని చూస్తే ఆ నీటిలో ఈస్ట్రోజెన్ చర్య ఉందో లేదో తెలుస్తుంది. అది గుడ్డు సొన తయారీకి ఆడచేప కాలేయం చేసే ప్రోటీన్. మగచేపలో దాని జన్యువు ఉన్నా మామూలుగా నిద్రలోనే ఉంటుంది. 1990లలో బ్రిటన్ నదుల్లో మగచేపల్లో ఇది కనిపించాకే, మురుగునీటిలో గర్భనిరోధక మాత్రల ఈస్ట్రోజెన్ ఉందన్న సంగతి బయటపడింది.

అనుమానం వచ్చినప్పుడు చేయాల్సినది

మందలో ఒక్క ఆవు పొర్లితే కారణం ఆ ఆవులో వెతకాలి. ఒకే మేత తిన్న నాలుగైదు పశువులు, అందులోనూ ఎదకు రాని పెయ్యలు, ఒకే కాలంలో జననాంగాల వాపు, పొదుగు పెరుగుదల చూపిస్తే మేతను అనుమానించాలి. ఆ మేతను వెంటనే ఆపి, పశువైద్యునికి చూపించి, పైన చెప్పిన పద్ధతిలో నమూనా తీసి ఉంచాలి. మేత మార్చిన తరువాత వాపు కొన్ని వారాల్లో తగ్గితే అనుమానం బలపడినట్లే. తగ్గకపోతే వేరే కారణం వెతకాలి. పారేసే మేతను పక్కింటి మేకలకు వేయడం మానేయాలి. మేక కాలేయం కూడా కాలేయమే.

అభ్యాసం: మీ ఊరిలో పది పాడి ఇళ్లను ఎంచుకోండి. ప్రతి ఆవుకు చివరి ఈత తేదీ, ఆ తరువాత ఎన్నిసార్లు సూది వేయించారో, ఆ నెలల్లో ఏ మేత వేశారో, అది ఎక్కడ, ఎన్నాళ్లు నిల్వ ఉందో రాయండి. వాన తడిసిన మేత తిన్న ఇళ్లను, తినని ఇళ్లను వేరుచేసి రెండింటిలో చూడి కట్టిన శాతాన్ని లెక్కించండి. తేడా కనిపిస్తే, అది మేత వల్లనే అనడానికి ముందు ఆ రెండు రకాల ఇళ్ల మధ్య ఇంకేయే తేడాలున్నాయో కనీసం మూడు రాయండి. సంపర్క తరగతికి ఆ పట్టికతో రండి.